చదువు ఋణం

నాయనా! తల్లీ! ఇంటర్మీడియట్ గట్టెక్కి, మార్కుల మెమో చేతబట్టుకొని, కళాశాల గడప ముందు నిలిచిన బిడ్డలారా! మీలో ఒక్కరిని ఎదుట కూర్చోబెట్టుకొని మాట్లాడుతున్నట్లే ఈ నాలుగు మాటలు చెబుతాను. నిదానంగా వినండి.

"ఇంత ఖర్చు పెట్టి, ఇన్నేళ్లు వెచ్చించి కాలేజీకి పోవడం తగునా?" అని నీవు అడుగుతున్నావు. మీ నాన్న గుండెలోనూ ఇదే ప్రశ్న మెదులుతున్నది, ఆయన పైకి అనడు. మీ అమ్మ మెడలోని గొలుసును తడుముకొని ఊరుకుంటుంది. ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో పాఠం చెప్పి, ఆ జీతంతో బతికినవాణ్ణి నేను. ఆ అన్నం తిన్నందుకు నీ ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబు చెప్పవలసిన బాధ్యత నాపై ఉంది.

మనిషి ఋణాలతోనే పుడతాడని మన పెద్దలు చెప్పారు. దేవఋణం, పితృఋణం, ఋషిఋణం అని వాటిని మూడుగా లెక్కించారు. ఋషిఋణం తీరే మార్గం చదువేనన్నారు. మనకంటే ముందు పుట్టినవారు నిద్రాహారాలు మాని తెలుసుకొన్నదాన్ని మనం శ్రద్ధగా నేర్చుకోవడం, నేర్చినదానికి మరొక పిడికెడు కలిపి తరువాతివారి చేతిలో పెట్టడం, ఆ ఋణం తీరే తీరు ఇదే. కళాశాల చదువును నేను ఈ త్రాసులోనే తూస్తాను. కళాశాలలో చేరడమంటే ఋణం ఎత్తడం. తీర్చాలన్న సంకల్పమూ, తీర్చే దారీ ఉన్నవాడికి ఆ ఋణం ఎంత పెద్దదైనా శ్రేయస్కరం. ఆ రెండూ లేనివాడికి ఉచితంగా దొరికిన సీటు కూడా బరువే. నేను చెప్పదలచినది ఇంతే. తక్కినదంతా దీనికి వివరణ.

ముందుగా ఇద్దరి మాటలు చెవిన పెట్టకు. పట్టా లేనివాడు మనిషే కాడని, ఇంజనీరింగు తప్ప గతి లేదని ఊదరగొట్టేవాడు ఒకడు. అతడి మాట విని మన ఊళ్లలో వేలాది కుటుంబాలు బిడ్డ మొగ్గు ఎటువైపో చూడకుండా ఎంపీసీలో చేర్పించాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో దాదాపు ఏడు వందల ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. బోధించేవారు చాలక, చేరేవారు కరవై, వాటిలో ఎన్నో తరువాత మూతపడ్డాయి. పొలాల మధ్య కట్టిన ఆ భవనాల గోడల మీద ఇప్పుడు పిచ్చిమొక్కలు మొలిచాయి. వాటిలో చదివినవారి అప్పులు మాత్రం భవనాలతోపాటు మూతపడలేదు.

రెండవవాడు, కాలేజీ అంతా కాలయాపన అని, చదువు మానేసి కోటీశ్వరులైనవారి కథలు ఫోనులో చూపించేవాడు. నాయనా, నూరుమంది ఏట్లో దూకితే ఈది గట్టెక్కిన ఒక్కడు వచ్చి కథ చెబుతాడు. మునిగిపోయిన తొంభైతొమ్మిది మంది రాలేరు కదా! ఏటి లోతు గట్టెక్కినవాడి ధైర్యాన్నిబట్టి తెలియదు. మన దేశంలో 2021-22 లెక్క ప్రకారం పద్దెనిమిది నుంచి ఇరవైమూడేళ్ల వయసువారిలో ఉన్నత విద్యలో చేరుతున్నది నూటికి సుమారు 28 మంది మాత్రమే. తక్కినవారిలో ఎక్కువమంది చదువును కాలదన్నినవారు కారు, ఆ గడప దాకా రాలేకపోయినవారు. వారికి అందని దాన్ని నీవు ఫోనులో విన్న మాటకు విసిరివేయకు.

ఇక ఋణాలను ఒక్కొక్కటిగా లెక్కించుకుందాం.

మొదటిది కన్నవారి ఋణం. దీనికి అంకెలున్నాయి కనుక అంకెలతోనే చెబుతాను. ఏటా లక్షా పాతిక వేల చొప్పున నాలుగేళ్లకు ఐదు లక్షలు బ్యాంకులో విద్యారుణం తీసుకొన్నావనుకో. వడ్డీ నూటికి ఏడాదికి పది రూపాయలనుకో. చదువు సాగినంత కాలమూ, ఆపై మరో ఏడాదీ వాయిదా కట్టనక్కరలేదు. అంతమాత్రాన వడ్డీ నిద్రపోదు. ఆ ఐదేళ్లలో లక్షా డెబ్బై ఐదు వేలు పేరుకుంటుంది. అప్పటికి నీ బాకీ 6,75,000 రూపాయలు. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 8,900 రూపాయలు కట్టాలి. కట్టి ముగించేసరికి చెల్లించినది పది లక్షల డెబ్బై వేలు. ఐదు లక్షల చదువు నీకు పడిన అసలు వెల అది. అదే ఐదు లక్షలు ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే, అసలు పైసా తరగకుండానే నెలనెలా పదివేలు వడ్డీకే పోతాయి. ఈ లెక్క నీవే, నీ చేతితో, ఒక కాగితం మీద వేసి మీ నాన్నకు చూపించు. లెక్క వేయకుండా ఎత్తిన అప్పు చీకట్లో ఎత్తిన మూట వంటిది. అందులో ఉన్నది ధాన్యమో రాళ్లో ఇల్లు చేరితే తప్ప తెలియదు.

ఈ లెక్కలో రాని వెల మరొకటి ఉంది. అన్న చదువు కోసం చెల్లెలిని పదవ తరగతితో మాన్పించిన ఇళ్లు నేనెరుగుదును. చిన్నవాడి కంటి ఆపరేషన్ వాయిదా వేసిన ఇల్లు ఎరుగుదును. కౌలుకు తీసుకొన్న చేను వదులుకొని పట్నంలో వాచ్‌మన్‌గా చేరిన తండ్రిని ఎరుగుదును. నీ ఫీజు రసీదు మీద అంకె ఒక్కటే ఉంటుంది. దాని వెనుక ఎవరి ఆకలి ఉందో, ఎవరి కల ఆగిపోయిందో రసీదు చెప్పదు. అది తెలుసుకోవలసినవాడివి నీవు.

ఇక్కడ నేను నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకుండా నీకు బోధించే అర్హత నాకు లేదు.

చాలా ఏళ్ల క్రితం నా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. చెడ్డవాడు కాడు. తరగతికి మాత్రం వచ్చేవాడు కాడు. ఏడాది చివర హాజరు తక్కువైందని పరీక్షకు కూర్చోనివ్వకూడదన్న మాట వచ్చింది. అతడు వచ్చి బతిమాలాడు. నాకు జాలి కలిగింది. రాని రోజులకు వచ్చినట్లు రాశాను. మరుసటి ఏడు మళ్లీ రాశాను. రికార్డు మరొకరిది చూసి దించినదని తెలిసీ సంతకం పెట్టాను. అతడు ఎలాగో గట్టెక్కి పట్టా పుచ్చుకొన్నాడు. రెండేళ్ల తరువాత ఒక మధ్యాహ్నం అతడి తండ్రి కళాశాలకు వచ్చాడు. తలపాగా విప్పి, ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టి తెచ్చిన ఆ పట్టాను రెండు చేతులతో తీసి నా బల్లమీద పెట్టాడు. "అయ్యా, ఎకరం అమ్మి చదివించాను. ఈ కాయితం ఎక్కడ చూపిస్తే పని ఇస్తారో మీరే చెప్పాలి," అన్నాడు. అతడి గొంతులో నిష్ఠూరం లేదు. నమ్మకమే ఉంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ కాగితం మీద ఉన్న ప్రతి అక్షరానికీ నేను సాక్షి సంతకం పెట్టాను. ఆ సాక్ష్యం అబద్ధం. జాలి అనుకొని నేను చేసినది ఆ తండ్రి ఎకరాన్ని నా కలంతో దోచుకోవడమే.

అందుకని నా తోటి అధ్యాపకులకు ముందు చెబుతాను. రాని పిల్లవాడికి హాజరు వేయడం దయ కాదు. అర్థం కాని పిల్లవాడిని మార్కులు కలిపి పైకి తోయడం ఉపకారం కాదు. తూకం తగ్గించి అమ్మే కొట్టువాడికీ మనకూ అప్పుడు తేడా ఉండదు. వాడు దొంగిలించేది గుప్పెడు బియ్యం. మనం దొంగిలించేది ఒక బిడ్డ నాలుగేళ్ల ప్రాయం.

రెండవది, దేవఋణం చోట నేను లెక్కించేది, సంఘం ఋణం. "నాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, మా ఇంట్లో పైసా ఖర్చు లేదు, నాకేమి బాకీ?" అని నీవనవచ్చు. నాయనా, ప్రభుత్వం సొమ్ము ఆకాశం నుంచి రాలలేదు. బస్టాండు ముందు మిర్చిబజ్జీ అమ్ముకొనే అవ్వ సబ్బుబిళ్ల కొన్నప్పుడు కట్టిన పన్ను అందులో ఉంది. కళాశాల ముఖం ఎన్నడూ చూడని ఉప్పాడ చేనేత కార్మికుడి పన్ను, పాలమూరు నుంచి వలసపోయిన మేస్త్రీ పన్ను అందులో ఉన్నాయి. వారి బిడ్డలు చదవలేకపోయినా వారు నిన్ను చదివిస్తున్నారు. నీవు తరగతి గదిలో వెనుక బల్ల మీద నిద్రపోతే ఆ అవ్వ కొంగు ముడి విప్పి తీసుకొన్నట్లే.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నీకు దొరికిన సీటు మరొకరికి దొరకని సీటు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పదవ తరగతి మార్కులతోనే పల్లెటూరి పిల్లలకు తలుపు తెరిచిన సాంకేతిక విద్యాలయాలను చూడు. ఒక్కో సీటు వెనుక దాన్ని ఒక్క మార్కుతో అందుకోలేకపోయిన పిల్లవాడు ఎక్కడో ఉంటాడు. అతడు నిన్ను ఎరుగడు, నీవు అతడిని ఎరుగవు. అయినా అతడు నీ పక్కన కూర్చొని ఉన్నాడనుకొని పాఠం విను.

మూడవది ఋషిఋణం. ఇది అన్నింటికంటె పెద్దది. అంకెలకు అందనిది. దీన్ని తీర్చిన ముగ్గురి సంగతి చెబుతాను. ముగ్గురూ మన తెలుగువారు. ఒకరు కళాశాలకు దారి కష్టపడి వేసుకొన్నారు. ఒకరు ఆలస్యంగా వెళ్లారు. ఒకరు అసలే వెళ్లలేదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు గురువు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు అంతకంటె తక్కువ పట్టా పుచ్చుకొన్నాడు. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టన పెట్టుకొంది. మామగారి సహాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ ఇచ్చిన ఊతంతో సముద్రం దాటి బోస్టన్ చేరాడు. అక్కడ పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్లాలు కడిగాడు, పగలు హార్వర్డులో చదివాడు. కండరాల్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో తెలియజెప్పే పరిశోధనలో పాలుపంచుకొన్నాడు. తన సోదరులను బలిగొన్న జబ్బుకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే పనికి తరువాతి కాలంలో ఆయనే సారథి. క్యాన్సరుకు నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆయన ప్రయోగశాల నుంచి వచ్చింది. 1948లో కన్నుమూశాడు. ఒక ధర్మసంస్థ ఇచ్చిన నాలుగు రాళ్లను లోకానికి ఎన్ని ప్రాణాలుగా తిరిగి చెల్లించాడో చూడు. పరీక్ష తప్పినవాడికి చదువు తగదని ఎవరైనా అంటే ఈయన పేరు చెప్పు. పట్టా చిన్నదని నీవు కుంగిపోతే ఈయన పేరు తలచుకో.

రాజమహేంద్రవరంలో 1909లో పుట్టిన దుర్గాబాయి చిన్ననాడే ఇంగ్లీషు చదువును కాదని బడి మానేసింది. తాను నేర్చిన హిందీని తన ఊరి ఆడవాళ్లకు నేర్పింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయింది. తమపై మోపిన నేరమేమిటో కూడా తెలియక శిక్ష అనుభవిస్తున్న స్త్రీలను అక్కడ చూసింది. వారి పక్షాన మాట్లాడాలంటే చట్టం తెలియాలి. చట్టం చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి. తన ఈడువారు పిల్లలను ఆడిస్తున్న వయసులో ఆమె మెట్రిక్ పుస్తకం పట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టలు లేదన్న అడ్డంకి ఎదురైతే, తనవంటి విద్యార్థినులను కూడగట్టి దాన్ని దాటింది. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొంది. రాజ్యాంగ సభలో కూర్చుంది. తాను స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో చదువు ఆగిపోయిన ఆడపిల్లలను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టింది. ఎందుకు చదవాలో తెలిసిన తరువాత చదవడమంటే అదీ. కారణం ముందు పుట్టింది, కళాశాల తరువాత వచ్చింది. మనలో చాలామందికి కళాశాల ముందు వస్తుంది, కారణం ఎప్పటికీ రాదు.

మూడవవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టిన నిరుపేద. ఇళ్లలో పనిచేశాడు, హోటల్లో సర్వరుగా చేశాడు. కళాశాల సంగతి అటుంచి, సక్రమమైన బడి చదువే ఆయనకు లేదు. చేతికందిన పుస్తకమల్లా చదివి, చదివించడమే వ్రతంగా 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించాడు. తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన నిజాం పాలనలో ఊరూరా తిరిగి పుస్తకాలు అందించాడు. జైలుకు పోయాడు. 'ప్రజల మనిషి' అనే నవల రాశాడు. ఋషిఋణం తీర్చడానికి పట్టా తప్పనిసరి కాదనడానికి ఆయన సాక్షి. అయితే ఒక్క మాట గుర్తుంచుకో. కళాశాల ఇవ్వవలసినదాన్ని ఆయన కళాశాల లేకుండా రెట్టింపు శ్రమతో సంపాదించాడు. కాలేజీ వద్దని చెప్పి ఆళ్వారుస్వామి పేరు ఎత్తే యువకుడా, ఆయనలా రాత్రి దీపం ముందు కూర్చోగలవా? కూర్చోగలిగితే నీకు నా ఆశీస్సు. కూర్చోలేకపోతే ఆయన పేరు నీ సోమరితనానికి అడ్డు పెట్టుకోకు.

ఉద్యోగం మాటకు వద్దాం. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ మాటను నేను తక్కువ చేయను. కూడు లేని ఇంట్లో ఋషిఋణం గురించి మాట్లాడడం పాపం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో మన దేశంపై వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగులు నూటికి 29 మంది. చదవడం రాయడం రాని యువతలో నూటికి ముగ్గురు చిల్లర. ఈ అంకె చూసి చదువే నిరుద్యోగానికి కారణమని తీర్పు చెప్పేవారున్నారు. తొందరపడకు. అక్షరం రానివాడికి ఖాళీగా కూర్చొనే స్తోమత లేదు. ఏ పని దొరికినా, ఎంత కూలికైనా పోక తప్పదు. పట్టభద్రుడు తగిన పని కోసం ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు ఎవరి అన్నం తింటూ సాగుతుందన్నదే ప్రశ్న. హైదరాబాదులో అమీర్‌పేట గదుల్లో, అశోక్‌నగర్ గ్రంథాలయాల్లో ఏళ్ల తరబడి నిరీక్షిస్తున్న బిడ్డలను నేను చూశాను. బి.టెక్. నాలుగేళ్లు చదివి, ఆపై మూడు నెలల కోర్సులో పని నేర్చుకోవలసి వచ్చిందంటే ఆ నాలుగేళ్లూ ఎక్కడికి పోయాయి? కొంత కళాశాల మింగింది. కొంత మనమే పారబోశాం.

పారబోసే తీరు కూడా చెప్పనివ్వు. బజారులో ప్రాజెక్టు కొని తన పేరు వేసుకోవడం. పరీక్షకు ముందు వారం గైడు బట్టీ కొట్టడం. ప్రయోగశాలలో యంత్రాన్ని తాకకుండా అంకెలు నింపడం. బ్యాక్‌లాగు మీద బ్యాక్‌లాగు మోసుకుంటూ, సప్లిమెంటరీ ఉందిలే అనుకోవడం. ఇలా సంపాదించిన పట్టా ఖాళీ గాదె మీద వేసిన తాళం. తాళం ఎంత బలంగా ఉన్నా లోపల గింజ ఉండదు. గింజ లేదని ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

కనుక కళాశాల ఎంచుకొనేటప్పుడు ప్రకటనల బోర్డు మీది ప్యాకేజీ అంకె చూడకు. స్వయంగా వెళ్లు. గ్రంథాలయంలోకి పోయి పుస్తకాల మీద దుమ్ముందో, వేళ్ల ముద్రలున్నాయో చూడు. ప్రయోగశాల తలుపు తెరిచి ఉందో తనిఖీ రోజునే తెరుస్తారో కనుక్కో. చివరి ఏడాది చదువుతున్నవారిని ఇద్దరిని పక్కకు పిలిచి, "ఇక్కడ మీకు ఏ గురువు వల్ల ఏది వచ్చింది?" అని అడుగు. వారు ఒక్క గురువు పేరైనా వెంటనే చెప్పలేకపోతే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. కన్వీనర్ కోటాలో రాని సీటును మేనేజ్‌మెంట్ కోటాలో పొలం అమ్మి కొనవద్దు. వెబ్ ఆప్షన్లు నెట్‌సెంటర్‌వాడి చేతికి వదలకు. నాలుగేళ్ల జీవితాన్ని నిర్ణయించే మీట నీ వేలితోనే నొక్కు.

నీ మనసు యంత్రాల మీద, చేతిపని మీద ఉంటే పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. మూడేళ్ల డిప్లొమా చేసి పని నేర్చి, ఇంకా చదవాలనిపిస్తే ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగు రెండో ఏట చేరవచ్చు. చేయి తిరిగిన ఎలక్ట్రీషియను, వెల్డరు పట్టా ఉన్న అసమర్థుడి కంటె సంఘానికి ఎక్కువ చెల్లిస్తున్నారు. చేతిపనిని చదువుకంటె తక్కువ అనుకోవడం మనకు అంటుకొన్న పాత జబ్బు. ఈ జబ్బుకు విరుగుడన్నట్లు కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు వంటి పెద్దలు 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి పుస్తకానికీ చేతిపనికీ ఒకే కప్పు కింద చోటిచ్చారు. నూరేళ్లు దాటినా వారి ఆశయాన్ని మనం ఇంకా అందుకోలేదు.

నేడు ఇంటి పరిస్థితి అనుకూలించకపోతే పనిలో చేరు, సిగ్గుపడకు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునేల మీదనే పుట్టింది. నేడు అది అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. కూలికి పోతూ, కుట్టుమిషను తొక్కుతూ, ఆటో నడుపుతూ అందులో చదివి పట్టభద్రులైనవారు ఎందరో ఉన్నారు. ఆలస్యమైన చదువు వృథా కాదని దుర్గాబాయి ముందే చేసి చూపింది.

ఇక ఆడపిల్లలకు, వారిని కన్నవారికి ఒక మాట. తల్లీ, కాలేజీకి పోవడం తగునా అన్న ప్రశ్నకు నీ విషయంలో త్రాసు మొగ్గు వేరు. నీ అన్నకు కళాశాల ఒక ఉద్యోగపు దారి. నీకు అది ఉద్యోగమే కాదు, పెళ్లి తొందరను రెండేళ్లు వెనక్కు నెట్టే గోడ, ఊరు దాటి వెళ్లగలనన్న ధైర్యం, రేపు ఏ ఇంట్లోనైనా తలెత్తి మాట్లాడే హక్కు. అయ్యా, అమ్మా, కొడుకును ప్రైవేటు కళాశాలకు పంపి, కూతురికి ఇంటికి దగ్గరి డిగ్రీ కాలేజీ చాలునని అనుకొన్నప్పుడు ఒక్కసారి ఆగండి. పొలం అమ్మితే ఇద్దరికీ సమంగా అమ్మండి. అమ్మకపోతే ఇద్దరికీ సమంగా ఆదా చేయండి. కట్నం కోసం దాచిన సొమ్మును కూతురి ఫీజుగా మార్చిన ఇల్లు చెడిపోగా నేను చూడలేదు.

తరతరాలుగా అక్షరానికి దూరంగా నిలబెట్టిన ఇళ్ల నుంచి వచ్చిన బిడ్డలారా, మీరు ఈ ప్రశ్నను ఇతరుల నోట విని మీ ప్రశ్న చేసుకోవద్దు. తాతల కాలం నుంచి పట్టాలు ఉన్న ఇళ్లవారు చదువు వల్ల ఏమొస్తుందని తేలికగా అనగలరు. వారి గోడల మీద చదువు ఎప్పుడో మేడ కట్టింది. వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ అంటరానితనం పెట్టిన అవమానాలన్నీ దిగమింగి, పండిత పరీక్ష నెగ్గి తెలుగు గురువై, కవిగా నిలిచాడు. బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1913లో కొలంబియాకు వెళ్లిన అంబేద్కర్ ఆ ఋణాన్ని ఒక దేశపు రాజ్యాంగంగా తీర్చాడు. మీ ఇంట మొదటి పట్టా ఒక తరానికి సంబంధించినది కాదు. మీ తరువాత పుట్టేవారి అడుగు పడే మొదటి మెట్టు అది. ఆ మెట్టును గట్టిగా కట్టండి.

నాయనా, చివరిగా చెబుతున్నాను. కళాశాలకు పోవడం తగునా అని ఎవరినీ అడగకు, నన్ను కూడా. రేపు ఉదయం మీ నాన్న పొలం పోయే వేళకు లేచి ఆయనతోపాటు నడు. పొలం లేని ఇల్లయితే ఆయన పనిచేసే చోటికి పో. ఒక్క పూట ఆయన పని నీవు చెయ్. సాయంత్రం ఒళ్లు నొప్పులతో ఇంటికి వచ్చి, దీపం దగ్గర కూర్చొని, ఇన్ని రోజుల ఈ శ్రమను నాలుగేళ్లపాటు నేను తీసుకోబోతున్నాను, దీనికి బదులు ఏమి నేర్చుకొని వస్తాను అని నీవే రాసుకో. రాయడానికి చేయి వస్తే, రాసినది చదివినప్పుడు నీకే నమ్మకం కలిగితే, కళాశాలకు పో. ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టుకొని పో. రాయడానికి ఏమీ తోచకపోతే తోచేదాకా ఆగు. ఆగడం ఓటమి కాదు.

ఆ తండ్రి బల్లమీద పెట్టిన పట్టా ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఆనాడు ఆయనకు చెప్పలేకపోయిన జవాబును ఈనాడు నీకు చెప్పాను. ఆయన ఎకరాన్ని నేను తిరిగి ఇవ్వలేను. నీ ఎకరమైనా నిలిస్తే నా ఋణంలో కొంత తీరినట్లే.